రెండు సాంచాలు

భివండిని చూడడానికని వచ్చేవారు ఎవరూ ఉండరు. వచ్చేవారంతా పని మీద వచ్చేవారే. గుడ్డ కొనడానికి వచ్చే వ్యాపారి, నూలు అమ్మడానికి వచ్చే దళారి, గోదాముకు సరుకు తెచ్చిన లారీవాడు, ఊళ్ళో పొట్ట గడవక సాంచాల మీద పనికి వచ్చినవాడు. వీరే మన ఊరి యాత్రికులు. వజ్రేశ్వరి అమ్మవారి దర్శనానికి, గణేశ్‌పురి వేడినీటి గుండాలకు పోయే భక్తులు సైతం మన ఊరిని బస్సు కిటికీలోనుంచి ఒకసారి చూచి, దుమ్ముకు ముక్కు మూసుకొని దాటిపోతారు. అటువంటి ఊరి మీద యాత్రావ్యాసం వ్రాయబూనడం సాహసమే గదా! అయినా నలభై ఏళ్ళకు పైగా కాపురమున్న ఊళ్ళోనే ఒక సాయంకాలం నేను యాత్ర చేసి వచ్చినాను. దూరమంటారా, పద్మానగర్ నుంచి ఆటోలో పది నిమిషాలు. ఖర్చంటారా, నలుగురికి కలిపి ఆరువందలు దాటలేదు. చూడబోయిన వింత ఐస్‌క్రీము.

ఈ వయస్సులో ఐస్‌క్రీమేమిటని నవ్వదలచినవారు నవ్వవచ్చును. నాకై నేను పోలేదు. మా అక్క మనుమరాలు హైదరాబాదు నుంచి సెలవులకు వచ్చింది. సెలవులకు అనడం మర్యాదకు. నాయనమ్మకు, తాతకు సామాను సర్దడంలో సాయంగా ఉండమని వాళ్ళ నాన్న పంపించినాడు. మా బావ ఎనిమిది సాంచాలను కిందటి సంవత్సరం భంగారువాడు కిలోల లెక్కన తూచుకొని పోయినాడు. నాటి నుంచి కొడుకు వచ్చేయండని ఫోను మీద ఫోను. బావ సరేనన్నాడు. అక్క అవుననలేదు, కాదనలేదు. ఆమెను ఎవరైనా అడిగినట్లు నాకు జ్ఞాపకం లేదు. ఇతరుల సంగతి ఎందుకు, నేనూ అడగలేదు.

ఆనాడు మృగశిర కార్తె ప్రవేశం. వాన ఇంకా దిగలేదు. ఊరంతా సైజింగు గదిలాగా ఉక్కపోస్తున్నది. మృగశిర నాడు చేప తినకపోతే మనవారికి కార్తె వచ్చినట్లే కాదు గదా. కొర్రమీను దొరకక, మా అక్క ఎప్పటివలెనే పాప్లెట్‌తోనే చింతపండు పులుసు కాచింది. మా ఇంటావిడ సోలాపూరులో కూతురి దగ్గర ఉండడంచేత నా భోజనం అక్కడే. తిని, ఫ్యాను కింద నడుము వాల్చి ఉండగా, ఆ పిల్ల ఫోను చూస్తూ, కళ్యాణ్ రోడ్డు మీద ఎవరో కొత్తగా దుకాణం తెరిచినారనీ, అక్కడ పదహారు రకాల ఐస్‌క్రీము ఉన్నదనీ చదవడం మొదలుపెట్టింది. జామపండు కారం, తాటిముంజ, నేరేడు, పనసతొన, తమలపాకు, అల్లం, పచ్చిమిర్చి, నల్లనువ్వులు...

"అల్లం, మిర్చి, నువ్వులు! అది ఐస్‌క్రీం దుకాణమా, కిరాణా దుకాణమా?" అన్నాడు బావ. బావ మాట్లాడితే పక్కింటివారికి వేరే చెప్పనక్కరలేదు. నలభై తొమ్మిదేళ్ళు సాంచాల మధ్య నిలబడిన చెవులు ఆయనవి. తన మాట తనకే వినపడదు గనుక, ఎంత గట్టిగా అంటున్నాడో ఆయనకు తెలియదు.

అక్క మాత్రం ససేమిరా అన్నది. చేపలు తిన్న కడుపులో పాలు పడితే ఒంటి మీద తెల్లమచ్చలు లేస్తాయని మా అవ్వ చెప్పిన మాట. పిల్ల ఊరుకుంటుందా? డాక్టర్లు ఆ మాట ఒప్పుకోరని వాదించింది. బెంగాలీలు చేపను పెరుగులోనే వండుకొని తింటారు, వారిలో అందరికీ మచ్చలు లేవని నేనూ ఒక మాట కలిపినాను. అక్క లొంగలేదు. చివరకు పిల్లే ఆ దుకాణానికి ఫోను చేసి, నేరేడు, జామ రెండింటిలోనూ పాలచుక్క ఉండదని కనుక్కొన్నది. ఇక అక్కకు సాకు లేకపోయింది. చీర మార్చుకొన్నది.

దారి సంగతి కొంచెం చెప్పాలి. ఇదివరలో పద్మానగర్ నుంచి ఎటు పోయినా ఒకే చప్పుడు వెంట వచ్చేది. కొత్తగా వచ్చినవారికి నిద్ర పట్టేది కాదు. పాతబడినవారికి ఆ చప్పుడు ఆగితే మెలకువ వచ్చేది. కరెంటు పోయిందన్నమాట! మా బావ 1970కి ఒక ఏడు ముందు సిరిసిల్ల దగ్గరి పల్లె నుంచి పదిహేడేళ్ళ వాడుగా వచ్చి, బిశీలో తిని, కార్ఖానాలోనే గుడ్డ తాకాల మీద పడుకొని పని నేర్చినాడు. అదివరకే ఆజంగఢ్, మవ్ వైపు నుంచి వచ్చిన అన్సారీలు ఇక్కడ మగ్గం వేసి తరాలు గడిచినవి. మనవారు కరీంనగర్, వరంగల్, నల్లగొండ జిల్లాల నుంచి వచ్చి వారి పక్కన నిలబడినారు. 1982 జనవరి 18న దత్తా సామంత్ నాయకత్వాన బొంబాయి మిల్లు కార్మికులు సుమారు రెండున్నర లక్షల మంది సమ్మె కట్టినారు. ఆ మిల్లులు తిరిగి లేవలేదు, వాటి గుడ్డ పని ఎక్కువగా మన ఊరికి వచ్చి పడింది. బావ మొదటి రెండు సాంచాలు కొన్నది ఆ రోజుల్లోనే. ఒకరి గూడు చెదిరితే ఇంకొకరి పొయ్యి రాజింది. అప్పుడు మనం ఆ సంగతి అంతగా ఆలోచించలేదు. ఇప్పుడు ఆటోలో పోతూ ఉంటే, చప్పుడు ఒక సందులో వినపడి, రెండు సందులు దాటిందాకా మళ్ళీ వినపడలేదు. మధ్యలో తాళాలు, గోదాములు, పెళ్ళిళ్ళ హాలు, మోటారు సైకిళ్ళ షోరూము.

దుకాణం పాత గాలాలో ఉన్నది. ముందు గోడ తీసి అద్దాలు పెట్టినారు, రంగు దీపాలు వేలాడదీసినారు. కాని పైన కప్పు మాత్రం కార్ఖానా రేకుల కప్పే. మేమింకా కూర్చోలేదు, బావ నేల వైపు చూస్తూ నిలబడిపోయినాడు. సిమెంటు నేల మీద నాలుగేసి చొప్పున బోల్టు గుంతలు, పూడ్చినా గుర్తులు తెలుస్తున్నవి. చుట్టూ నూనె మరకలు. ఎంత ఫినాయిలు పోసి కడిగినా సాంచా నూనె మరక నేలను వదలదని ఆ పని ఎరిగినవారికి చెప్పనక్కరలేదు. బావ అడుగులు వేస్తూ లెక్కపెట్టినాడు. "పన్నెండు సాంచాలుండె ఈడ. ఆరు గిటు, ఆరు గటు. జాబరు గల్లా ఆ మూలకు" అన్నాడు. కుర్చీల మీద కూర్చున్న కాలేజీ పిల్లలంతా తలలు ఎత్తి చూచినారు.

దుకాణపు అబ్బాయికి ముప్పై ఏళ్ళుంటాయి. "రండి చాచా, కూసోండి" అన్నాడు తెలుగులో. మన ఊళ్ళో పుట్టి పెరిగిన అన్సారీ పిల్లలకు మన భాష పది మాటలైనా రాకుండా పోదు. బావ లెక్క సరిపోయిందట. అక్కడ వాళ్ళ తాత కాలం నుంచి సాంచాలు పన్నెండే ఉండినవట. అవి అమ్మేసి, అప్పులు కట్టగా మిగిలినది గాలా ఒక్కటే. గోదాముకు అద్దెకిస్తే సరిపోయేది గదా అన్నాను. ఇంట్లోవారూ అదే అన్నారట.

"సాంచాలు పోయినా మాకు సాంచా ఒకటి మిగిలింది" అని నవ్వి, హిందీలో చెబుతూ లోపలికి పిలిచినాడు. వెళ్ళి చూద్దుము గదా, కర్ర బకెట్టు, దాని నడుమ రేకు డబ్బా, పైన పళ్ళ చక్రం, తిప్పడానికి చేతిపిడి! బకెట్టుకూ డబ్బాకూ మధ్య ఐసు ముక్కలు, రాళ్ళ ఉప్పు. గుజరాతీలు, బోహ్రాలు, బొంబాయి పాత దుకాణాలవారు ఈ పరికరాన్ని సాంచా అనే పిలుస్తారు. భేండీ బజారులోని బోహ్రీ మొహల్లాలో 1887 నుంచి నడుస్తున్న తాజ్ ఐస్‌క్రీము పేరు పొందినది ఈ చేతి సాంచా వల్లనే. మనం సాంచా అంటే మరమగ్గం. వారు సాంచా అంటే ఐస్‌క్రీము కుండ. మాటకు అసలు అర్థం అచ్చు, మూస అని గదా. మా బావ ఆ మాట విని చాలాసేపు నమ్మలేదు. "ఇదా సాంచా? ఇది సాంచా అయితే మా ఇంట్ల నీళ్ళ బోరింగు కూడా సాంచానే" అన్నాడు.

ఉప్పు ఎందుకని పిల్ల అడిగింది. ఇంజనీరింగు చదువుతున్న పిల్ల అడగవలసిన ప్రశ్న కాదుగాని, అబ్బాయి చక్కగా చెప్పినాడు. ఐసు సున్నా డిగ్రీల దగ్గర కరుగుతుంది. పాలలోనూ పండ్లరసంలోనూ చక్కెర ఉండడంచేత అవి సున్నా దగ్గర గడ్డకట్టవు, ఇంకా దిగువకు పోవాలి. ఐసులో ఉప్పు కలిపితే అది కరుగుతూ చుట్టుపక్కల వేడిని లాగుకొని సున్నాకు దిగువ ఇరవై డిగ్రీల దాకా దిగగలదు. అప్పుడు డబ్బా గోడకు పాలు అంటుకొని గడ్డకడుతూ ఉంటే, లోపలి చెక్క దాన్ని గీకుతూ ఉంటుంది. తిప్పడం మానితే పెద్ద పెద్ద పలుకులు కట్టి, తింటే ఇసుకలాగా తగులుతుంది. విడవకుండా తిప్పితే పలుకు సన్నమవుతుంది. నూలు వడికేవారికి ఈ మాట వేరే చెప్పాలా!

ఇదంతా కొత్త విద్య ఏమీ కాదు. సూరేకారంతో నీళ్ళు చల్లబరిచే పద్ధతిని అక్బరు కాలంలోనే అబుల్ ఫజల్ ఐన్-ఇ-అక్బరీలో వ్రాసిపెట్టినాడు. 1833లో బోస్టను నుంచి ఓడ మీద కలకత్తాకు మంచుగడ్డలు వచ్చినవి. బయలుదేరిన నూట ఎనభై టన్నులలో నూరు టన్నుల దాకా కరగకుండా చేరినవట. మరికొద్ది కాలానికే బొంబాయికీ వచ్చినవి. ఆ రోజుల్లో జంషెట్జీ జీజీభాయ్ ఇంటి విందులో ఐస్‌క్రీము వడ్డిస్తే, తిన్నవారికీ పెట్టినవారికీ జలుబు పట్టుకొన్నదనీ, తగిన శాస్తి జరిగిందనీ బొంబాయి సమాచార్ పత్రిక వ్రాసిందట. మా అక్కకు ఈ కథ చెబితే, "పత్రికోళ్ళు గప్పుడే మంచిమాట చెప్పిన్రు" అన్నది.

వచ్చి బల్ల దగ్గర కూర్చున్నాము. అసలు విషయానికి వస్తాను.

మొదట వచ్చినది జామపండు. గులాబి రంగు గడ్డ, పైన ఉప్పు, ఎర్ర కారం. బడి గేటు దగ్గర జామకాయ కోసి ఉప్పుకారం చల్లి ఇచ్చే ముసలమ్మ గుర్తుకు రాని వాడెవడైనా ఉంటే వాడు బడికి పోలేదన్నమాట. బొంబాయిలో 1971 నుంచి ఉన్న అప్సర దుకాణంవారు ఈ జామ ఐస్‌క్రీముకు పేరు పడ్డారు. ఇప్పుడు ప్రతి ఊళ్ళోనూ చేస్తున్నారు. నోట్లో పెట్టుకోగానే చల్లదనం, ఆ వెనుక ఉప్పు, అది కరిగినాక పండు, చివర గొంతులో మంట. ఇన్ని ఒక చెంచాలో ఇమిడినవి. చల్లదనం నాలుక మీద తీపిని అణచివేస్తుంది. అందుకే ఐస్‌క్రీములో చక్కెర మనమనుకొనే దానికన్న ఎక్కువ వేయవలసి వస్తుంది. కరిగిన ఐస్‌క్రీము తాగి చూచినవారికి ఈ రహస్యం తెలుసు. జామలో ఉప్పు ఉండడంచేత తీపి మొగం మొత్తలేదు. మా అక్క మొదటి చెంచా భయంగా, రెండవది అనుమానంగా తిన్నది. మూడవదానికి కప్పు తన వైపు లాగుకొన్నది.

నేరేడు నాలుకను ఊదా చేసింది. "గిది కాలాఖట్టా గోలానే గదనే, బండి మీద అమ్మేది" అన్నది అక్క. నిజమే. మన పిల్లలు పది పైసలకు కొనుక్కొని చొక్కాలు పాడుచేసుకొన్న బరఫ్ గోలాయే అద్దాల గదిలోకి వచ్చి ఎనభై రూపాయలైంది. కాని వగరు అచ్చంగా పండుది. అది సీసా రంగులో రాదు.

తాటిముంజ సంగతి వేరు. దానికి వాసన లేదు, రంగు లేదు, పెద్ద తీపి లేదు. పాలలో అక్కడక్కడ మెత్తని ముక్క పంటికి తగిలి నీళ్ళూరుతుంది, అంతే. మరాఠీవారు తాడ్‌గోళా అంటారు. మంగుళూరు వైపు పండ్ల వ్యాపారి కొడుకు, 2024లో కీర్తిశేషుడైన రఘునందన్ కామత్, 1984లో జుహూలో నేచురల్స్ అనే చిన్న దుకాణం పెట్టి, లేత కొబ్బరి, సీతాఫలం, పనస, ముంజ వంటి మన పండ్లను ఐస్‌క్రీములోకి తెచ్చి పెద్ద వ్యాపారం చేసినాడు. అంతకు ముందు ఎక్కడ చూచినా వెనీలా, స్ట్రాబెర్రీ, పిస్తా. హైదరాబాదులో మొజంజాహీ మార్కెట్టు వారు మాత్రం 1950ల నుంచే సీతాఫలం, మామిడి చేతితో తిప్పి అమ్ముతున్నారు. ఈ సంగతి పిల్ల గర్వంగా చెప్పింది. బావ ముంజను మెచ్చుకొన్నాడు. "మా ఊళ్ళె చెట్టుకింద తిన్నట్టు లేదు గని, అబద్ధం గూడ లేదు" అన్నాడు.

మిగిలినవాటి గురించి సంక్షేపంగా చెబుతాను. పచ్చిమిర్చి మోసగాడు. చల్లగా లోపలికి పోయి, మింగినాక తిరుగబడుతుంది. పాలలో ఉన్న వెన్న, కేసీను మిర్చి మంటను కొంత లాగుకొంటాయి. నీళ్ళు లాగుకోవు. కనుక మంట పుట్టినప్పుడు నీళ్ళు తాగక, ఇంకొక చెంచా ఐస్‌క్రీమే తినాలని అబ్బాయి సలహా ఇచ్చినాడు. రోగమూ మందూ ఒకే కప్పులో పెట్టి అమ్మే వ్యాపారం బాగానే ఉన్నది. అల్లం, జలుబుకు కషాయం. తమలపాకు, పెళ్ళి భోజనమయ్యాక ఎవరో మీద అత్తరు కుమ్మరించినట్లు. నల్లనువ్వులది చూడడానికి గేరు పెట్టెలోని గ్రీజు. బావ ఆ మాట అనేసి ముట్టుకోలేదు గాని, రుచిలో అది మన సంక్రాంతి నువ్వుల ఉండ. పదహారు రకాలలో నాకు రెండవ బహుమానం దానికే. పనస అయిపోయిందన్నారు.

పద్దులు వ్రాసిన చేయి ఊరుకోదు. ఒక మాట చెబుతాను, ఇంట్లో ఆడవారికి పనికి వస్తుంది. మన గుడ్డలో బరువు కోసం గంజి దట్టించేవారు ఉండేవారు. ముప్పై ఆరేళ్ళు సైజింగులో మెహతాగా పనిచేసిన వాడిని, నాకు తెలియనిది కాదు. ఐస్‌క్రీములో దీనికి తలకిందులు. బరువుకు బదులు గాలి దట్టిస్తారు. లీటరు ఐస్‌క్రీము 525 గ్రాములకు తగ్గకూడదని ప్రభుత్వపు నియమం కలదు. డబ్బా మీద ఐస్‌క్రీము అని ఉంటే అందులో కొవ్వు పాలది. ఫ్రోజెన్ డెజర్ట్ అని ఉంటే నూనెది కూడా కావచ్చును. అక్షరాలు చిన్నవిగా ఉంటాయి, కళ్ళజోడు పెట్టుకొని చదవండి.

ఇంతవరకు అందరమూ సంతోషంగానే ఉన్నాము. అప్పుడు బావ నా వైపు వంగి, రహస్యం చెప్పబోయినాడు.

"ఇల్లు సంగతి ఖతమైంది బామ్మర్దీ! మొన్న బేస్తారం టోకెను తీసుకున్న. యాభై ఒక్క వెయ్యి. మీ అక్కకు ఇంకా చెప్పలే!"

దుకాణమంతా విన్నది. కౌంటరు దగ్గర అబ్బాయి కూడా విన్నాడు. అక్క చెంచా కప్పులో ఆగింది. బావకు మాత్రం తాను గుసగుసగానే చెప్పినానన్న నమ్మకం. నా ముఖం చూచి, తరువాత అక్క ముఖం చూచినాక గాని ఆయనకు తెలియలేదు.

అక్క ఒక్క మాట అనలేదు. చేతులు ఎత్తింది.

సాంచాల మీద పని చేసిన ఇండ్లవారికి నేను చెప్పబోయేది తెలుసు. ఇరవై నాలుగు సాంచాలు నడిచే కార్ఖానాలో నోటి మాట వినపడదు. పెదవి కదలిక, వేళ్ళ సంజ్ఞ, అదే భాష. రెండు వేళ్ళు విరిచినట్లు చూపితే పోగు తెగిందని. బొటనవేలు కిందికి చూపితే కండె అయిపోయిందని. మణికట్టు తిప్పితే పానా తెమ్మని, లేక జాబరును పిలవమని. మధ్యాహ్నం అన్నం డబ్బా తీసుకొని వెళ్ళి వెళ్ళి అక్కకు ఆ భాష వచ్చింది. బావ చెవులు పోయినాక వారిద్దరికీ ఇంట్లోనూ అదే భాష అయింది. నేను పూర్తిగా ఎరగను గాని, చాలావరకు అర్థమవుతుంది.

అక్క రెండు అరచేతులు కప్పులాగా కలిపింది. ఇల్లు. తరువాత కుడిచేతితో గాలిలో చక్రం తిప్పింది, చాలాసేపు తిప్పింది. కండెలు చుట్టడం. తరువాత బొటనవేలు తన గుండెకు ఆనించుకొన్నది. ఆ మాట అబద్ధం కాదు. ఆ ఇల్లు కొన్న 1991లో సగం సొమ్ము ఆమె కండెలు చుట్టినదే. ఆ పద్దు వ్రాసినవాడిని నేను.

బావ తన చెవులు చూపించినాడు, మోకాలు చూపించినాడు, ఖాళీ చేతులు చూపించినాడు. సాంచాలు లేవు, ఇక్కడ ఏమున్నది అని. ఫోను వైపు చూపించి, చేతిని తల ఎత్తున పట్టినాడు. కొడుకు.

అక్క రెండు వేళ్ళు విరిచి చూపింది. పోగు తెగింది. ఆ వెంటనే అవే వేళ్ళతో ముడి వేసింది. తరువాత రెండు చేతులతో బరువైనది దేనినో ఎత్తి కింద పడేసినట్లు చూపి, కనుబొమలు ఎగరేసింది. పోగు తెగితే ముడి వేస్తారా, భీమునే దించి పారేస్తారా అని నాకు అర్థమైంది. బావకు నాకన్న ముందే అర్థమైంది. తల దించుకొన్నాడు.

"నాయనమ్మా, తాతా, ఏం ఆట ఆడుతున్నారు?" అన్నది పిల్ల నవ్వుతూ. పక్క బల్లవారు కూడా ముసలి జంట సరదా పడుతున్నారనుకొన్నారు కాబోలు, నవ్వినారు. ముంజ ఐస్‌క్రీము కరిగి కప్పు అంచు దాటి బల్ల మీదికి వచ్చింది. ఎవరమూ తుడవలేదు.

కొంతసేపటికి అక్క లేచి కౌంటరు దగ్గరకు పోయి, కొంగుముడి విప్పి తన డబ్బుతో ఇంకొక జామ కప్పు తీసుకొన్నది. "ఉప్పు కారం జర ఎక్కువ వెయ్యి బేటా" అన్నది. తిరిగి వచ్చి ఒక్కతే కూర్చొని తిన్నది.

బావ ఆమెవైపు చూడలేక లోపలికి పోయి సాంచా దగ్గర నిలబడినాడు. అబ్బాయి పిడి తిప్పుతూ ఉన్నాడు. బావ చెవికి ఏమి వినపడుతుంది? అరచేతిని బకెట్టు మీద ఆనించినాడు, అంతే. "ఆపు ఆపు" అన్నాడు. "మీది పళ్ళ చక్రం ఒక దిక్కు అరిగింది. లోపల బుష్షు పోయింది. గిట్లనే తిప్పితే రేకు కోసుకపోతది." అబ్బాయి నెల నుంచి చప్పుడు ఎందుకు వస్తున్నదో తెలియక తికమకపడుతున్నాడట. ఎక్కడ బాగు చేయిస్తారని అడిగినాడు. బావ ఏమీ చెప్పకుండా బయటికి వచ్చేసినాడు. ఆటోలో ఎవరమూ మాట్లాడుకోలేదు. ఇల్లు చేరేసరికి నాలుగు చినుకులు పడినవి.

మరునాడు పొద్దున ఎనిమిది గంటలకు బావ మా గుమ్మంలో ఉన్నాడు. "నడువు" అన్నాడు. టోకెను ఇచ్చిన దళారి దగ్గరకు పోయినాము. ఆ పెద్దమనిషి చాలా గొణిగినాడు. కొనేవాడికి ఏం ముఖం చూపించాలన్నాడు. తన తిరుగుడు ఖర్చులకని ఐదు వేలు పట్టుకోవాలన్నాడు. బావ బేరమాడలేదు. యాభై ఒక్క వెయ్యి లెక్కపెట్టి ముందు పెట్టి, పైన ఐదు వేలు ఇచ్చి, కాగితం చించివేయించినాడు. సాంచా అమ్మిన సొమ్ములో అది ఎన్ని కిలోల ఇనుమో నేను మనస్సులో లెక్క కట్టినాను గాని, పైకి అనలేదు.

కొడుక్కు ఈ సంగతి పిల్లే ఫోనులో చెప్పింది. అతడు వారం దినాలు మాట్లాడలేదు. అతనిదీ తప్పని నేను అనను. రేపు ఏదైనా అయితే, రాత్రికి రాత్రి హైదరాబాదు నుంచి పరుగెత్తుకొని రావలసినవాడు అతడే. చలికాలం నాలుగు నెలలు అక్కడ, మిగిలినది ఇక్కడ అంటున్నది అక్క. బతుకమ్మకు వరాలదేవి చెరువు గట్టు విడిచి ఎక్కడికీ పోనంటున్నది. బావ దేనికీ అవునని గాని కాదని గాని అనడు. ఇదివరకు ఆమె ఊరుకొన్నట్లు ఇప్పుడు ఆయన ఊరుకొన్నాడు. కట్టిన డబ్బాలు రెండు ఇంకా విప్పలేదు.

ఆదివారం నాడు భంగారుకు పోకుండా మిగిలిన పానాల సంచి తీసుకొని బావ ఆ దుకాణానికి పోయినాడు. బుష్షు ఎక్కడో వెదికి తెచ్చి మార్చినాడు. పైసలు తీసుకోలేదట. ఇప్పుడు రెండు ఆదివారాలుగా పోతున్నాడు. చూడదలచినవారు శుక్రవారం సాయంకాలం పోకండి, కార్ఖానాల సెలవు గనుక నిలబడడానికి చోటుండదు. తాటిముంజ ఈ ఏటికి అయిపోయింది. జామ ఉన్నది. బావ వస్తూ అక్కకు ఒక కప్పు తెస్తాడు, ఆటో దొరకడం ఆలస్యమైతే సగం నీళ్ళే ఉంటుంది. ఆమె కప్పు ఎత్తి ఆ నీళ్ళు కూడా తాగుతుంది.